‘వరద గీత’లో ఆఖరి మాట

గేనర్ ఓల్డ్‌రాయిడ్ రాసిన నాటకాల్లో ఒక్కటి కూడా ఆమె ఆపిన చోట ఆగలేదు. ఎవరో ఒకరు వచ్చి ముగింపు మార్చేసేవారు. ముప్పయ్యేళ్ళుగా ఇదే వరస. ఉత్తర ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో తెలిసినవాళ్ళు ఆమెను ‘నాటకాల గేనర్’ అంటారు, ఎందుకంటే అదే వీధిలో జుట్టు కత్తిరించే గేనర్ ఒకామె ఉంది. ఊళ్ళో ఆ రెండో గేనర్‌కే పేరెక్కువ.

తండ్రి తివాచీల మిల్లులో పనిచేసేవాడు. తల్లి డోరా టాఫీ ఫ్యాక్టరీలో మిఠాయిలకు కాగితం చుట్టేది. పదహారేళ్ళకు బడి మానేసి గేనర్ కూడా వెళ్ళి తల్లి పక్కనే కూర్చుంది. యంత్రాల హోరులో ఏ మాటా వినపడదు. అక్కడి ఆడవాళ్ళు పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవారు. మొగుళ్ళ మీద చాడీలు, ఫోర్‌మన్ మీద జోకులు, కడుపు పోయిన సంగతులు, అన్నీ చప్పుడు లేకుండానే. ఏ మాటకు ముఖం ఎలా మారుతుందో గేనర్ అక్కడే చూసి నేర్చుకుంది. మాటకన్నా ముందు ముఖం కదులుతుందనీ, మాట ఆగిపోయాక కూడా ముఖం మాట్లాడుతూనే ఉంటుందనీ ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మొదటి నాటకం ‘రెండో షిఫ్టు’. ఆ టాఫీ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కథే. కార్మికుల క్లబ్బు మేడ మీద, బింగో ఆట లేని రోజు చూసుకుని వేశారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా వచ్చి, తమ మాటలు తామే విని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. చివర్లో ఒక మనిషిని పనిలోంచి తీసేస్తే, మిగతావాళ్ళు తలలు దించుకుని మళ్ళీ కాగితాలు చుట్టడం మొదలుపెడతారు. అంతే, నాటకం అయిపోతుంది. నవ్వుతున్నవాళ్ళంతా ఒక్కసారిగా నోళ్ళు మూసేశారు. డోరా మాత్రం ఇంటికి వచ్చేటప్పుడు, "ఆ పిల్లని తీసేసిన రోజు నేనూ తల దించుకున్నాన్లే" అంది. అదొక్కటే అంది.

లండన్‌లో ఒక చిన్న థియేటరు ఆ నాటకాన్ని తీసుకుంది. అక్కడి దర్శకుడికి ఆ తలలు దించుకోవడం నచ్చలేదు. ఆడవాళ్ళంతా ఏప్రన్లు విసిరికొట్టి పాట పాడేలా మార్చాడు. పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు. వెనక వరుసలో కూర్చున్న గేనర్ మొగుడి వైపు తిరిగింది. అతని పేరు ట్రెవర్, బస్సు డ్రైవరు.

"మేం ఎప్పుడు పాడాం ట్రెవర్?"

"పాడుంటే అసలు నిన్ను పెళ్ళి చేసుకునేవాణ్ణి కాదు" అన్నాడు ట్రెవర్. "నీ పాట నేను విన్నాగా."

రెండో నాటకం ‘పావురాల గూడు’. బొగ్గుగని మూతబడ్డాక పందెం పావురాలు పెంచుకునే ఒక మనిషి కథ. చివరికి అతని పావురం తిరిగి రాదు. అతను ఆకాశం వైపు చూస్తూ ఉండిపోతాడు. దర్శకురాలు జనం దిగులుగా ఇంటికి పోకూడదని నిజం పావురాన్ని తెప్పించింది. అది మూడో ఆటలో లైట్ల దూలం ఎక్కి కూర్చుని, ఎంత పిలిచినా దిగి రాలేదు. ఆ ఒక్క రోజే నాటకం తాను రాసినట్టు ముగిసిందని గేనర్ ఇప్పటికీ చెబుతుంది, నవ్వకుండా.

తర్వాత టీవీ సీరియల్. పిల్లల చదువులకు, ఇంటి వాయిదాలకు అదే ఆధారం. అందులో వీధి మూలన కొట్టు నడిపే ఒక ఆడమనిషిని గేనర్ ఏళ్ళ తరబడి పెంచి పెద్దచేసింది. ఒక సోమవారం మీటింగులో మిగతా రచయితలు ఆ మనిషిని పాల లారీ కింద పడేశారు. అంత్యక్రియల భాగం నువ్వే రాయాలి, ఆమె గురించి నీకే బాగా తెలుసు అన్నారు. గేనర్ రాసింది. ఆ భాగానికి సీరియల్‌కు బహుమతి వచ్చింది. స్టేజి ఎక్కి తీసుకున్నది ఇంకెవరో.

ఆ తర్వాతి కాలాన్ని గేనర్ ‘ప్రేమించే ఏళ్ళు’ అంటుంది. ఏ థియేటరుకు నాటకం పంపినా, "మీ నాటకాన్ని ఎంతో ప్రేమించాం" అని జవాబు. పిలిచి టీ ఇచ్చేవారు. నటుల చేత ఒకసారి చదివించేవారు. ఏడుగురు మనుషులు ఎక్కువ, నలుగురైతే చూద్దాం అనేవారు. నలుగురికి కుదించి పంపితే, ఇద్దరైతే ఇంకా బాగుంటుందేమో అనేవారు. ఇద్దరికి కుదిస్తే థియేటరులో ఆ సంగతి చూసే ఆమె ఉద్యోగం మారి వెళ్ళిపోయేది, కొత్తగా వచ్చినామె మొదటినుంచీ ప్రేమించడం మొదలుపెట్టేది.

"ఒక్కళ్ళన్నా నిన్ను అసహ్యించుకుంటే బాగుండు, పని జరిగేది" అన్నాడు ట్రెవర్.

‘వరద గీత’ అలా ఏడుగురు ఇద్దరై మిగిలిన నాటకం. అయితే ఈసారి గేనర్ ఎవరినీ దాని ముగింపు ముట్టుకోనివ్వదలచలేదు. కారణం డోరా.

డోరా ఇల్లు కాల్డర్ నది ఒడ్డునే. ఒక ఏడాది క్రిస్మస్ మర్నాడు నది వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీదుగా పోయి, గోడ మీద నడుం ఎత్తున మట్టి గీత గీసి వెళ్ళింది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు సర్దుకుని గుట్ట మీదికి పోయారు. డోరా పోలేదు. పత్రికవాళ్ళు వచ్చి, ఆ గీత పక్కన ఆమెను నిలబెట్టి ఫొటో తీశారు. నదికి తలవంచని అమ్మ అని రాశారు. కసాయి షాపులో, లైబ్రరీలో, బస్సులో అందరూ చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. ఆ పొగడ్తల తర్వాత డోరా ఇల్లు విడిచిపెడదామన్నా విడిచే దారి లేకపోయింది. గోడలు ఆరలేదు. మరుసటి చలికాలానికి ఊపిరితిత్తులు ఆమె మాట వినలేదు. ఆమె పోవడానికి ముందు ఆఖరి ఆదివారం గేనర్ వెళ్ళి, "మా ఇంటికి రామ్మా, ఇవాళే, ఇప్పుడే" అంది. డోరా కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చుంది. మాట్లాడలేదు.

ఆ రోజు తల్లి అనని మాటే గేనర్ నాటకంలో ఆఖరి మాట. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. నీళ్ళొచ్చిన ఇల్లు. అక్క నెల్ కదలనంటుంది, చెల్లెలు ఈడీ తీసుకెళ్ళడానికి వస్తుంది. గంటన్నర పోట్లాట. చివరికి ఈడీ అలిసిపోయి, "అయితే నువ్వు రావన్నమాట" అంటుంది. నెల్ చాలాసేపు మాట్లాడదు. తర్వాత, "నా కోటు ఇలా అందుకో" అంటుంది.

ఆ ఒక్క మాట కోసమే మిగతా గంటన్నర రాశానని గేనర్ ట్రెవర్‌తో చెప్పింది.

ఊళ్ళోని డైహౌస్ థియేటరు నాటకం వేస్తామంది. ఒకప్పుడు అక్కడ ఉన్నికి రంగులు అద్దేవారు. దర్శకుడు క్రిస్పిన్ లండన్ నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. గేనర్ ఏం చెప్పినా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వినేవాడు. ఈడీ వేషం జోసీ అనే ఆమెకు. నెల్ వేషం థెల్మా గ్లెడ్‌హిల్‌కు. థెల్మాకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఊరూరూ తిరిగే కంపెనీల్లో, వారానికో కొత్త నాటకం బట్టీపట్టి ఆడిన మనిషి. ఆమెకు కొన్ని పట్టింపులున్నాయి. గ్రీన్‌రూమ్‌లో ఈల వేస్తే అపశకునమని బయటికి పంపి మూడుసార్లు తిప్పించేది. వాటన్నిటిలోకీ పెద్ద పట్టింపు ఒకటుంది. నాటకం ఆఖరి మాటను మొదటి రోజు జనం ముందు తప్ప ఎక్కడా పలకకూడదు. జనం లేకుండా నాటకం పూర్తిచేస్తే అది అక్కడికక్కడే అయిపోయినట్టు లెక్క, ఇక ఆడదు.

అందుకని రిహార్సల్ చివర జోసీ, "అయితే నువ్వు రావన్నమాట" అనగానే, థెల్మా అసలు మాటకు బదులు, అర్థం లేని కూనిరాగంలా, "టిడ్లీ పమ్" అనేది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టి టీకి లేచేవారు.

గేనర్‌కు ఇందులో తప్పేమీ తోచలేదు. ఆమెకూ ఆ పట్టింపు అంటే భయమే, రెండు నాటకాలు పోగొట్టుకున్న మనిషి ఆ మాత్రం జాగ్రత్త పడుతుంది. పైగా రచయిత మొదటి వారం కూర్చుని తర్వాత దర్శకుడికి చోటిచ్చి తప్పుకోవడం అక్కడి పద్ధతి. తప్పుకుంది. మళ్ళీ డ్రెస్ రిహార్సల్‌కే వచ్చింది. ఆ రోజు జోసీ మాట అనగానే దీపాలారిపోయాయి. చీకట్లో థెల్మా "టిడ్లీ పమ్" అంది. అందరూ పగలబడి నవ్వారు. గేనర్ కూడా నవ్వింది.

మొదటి రోజు హాలు నిండింది. గేనర్ ఎప్పటిలాగే వెనక వరుసలో, తలుపు పక్కన. గంటన్నర బాగానే నడిచింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, ముక్కులు చీదుకోవాల్సిన చోట చీదుకున్నారు. జోసీ, "అయితే నువ్వు రావన్నమాట" అంది. థెల్మా గోడ మీద రంగుతో గీసిన వరద గీత వైపు చూసింది. థెల్మా గడ్డం పైకి లేచింది, పెదవులు విడిపడ్డాయి.

దీపాలారిపోయాయి.

తర్వాత చప్పట్లు. దీపాలు వెలిగేసరికి జనం లేచి నిలబడి ఉన్నారు. ఎవరో ఈల వేశారు. గేనర్ పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ, "మన ఆడవాళ్ళంటే ఇలా ఉండాలి. ప్రాణం పోయినా కదలరు" అన్నాడు.

"ఆవిడ కదులుతుంది" అంది గేనర్.

"ఏంటమ్మా?"

"ఏమీ లేదు."

నాటకం అయ్యాక అందరికీ వైన్ పోశారు. గేనర్ నేరుగా స్టేజి మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఏ దీపం ఎప్పుడు ఆరాలో, ఎప్పుడు వెలగాలో చెవిమైకులో చెప్పే మనిషి ఆమే. పేరు బెత్.

"ఆఖరి మాట ముందే లైట్లు ఆపేశావేంటి బెత్?"

బెత్ తన కాగితాలు తిరగేసింది. "నా దగ్గర అక్కడే ఉందండి గుర్తు. రిహార్సల్లో అక్కడే ఆపమన్నారు. టిడ్లీ పమ్‌కి లైటెందుకని..." అని ఆగిపోయింది. "అయ్యో, నాకు తట్టనే లేదు. ఆ మాటను నేను ఎప్పుడూ వినలేదు కదా!"

ఎవరూ వినలేదు. అదీ సంగతి. ఆ మాటను అంత భద్రంగా దాచారు కాబట్టి, అదొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. గేనర్ బెత్‌ను తిట్టలేకపోయింది. డ్రెస్ రిహార్సల్లో నవ్వినవాళ్ళలో తానూ ఉంది మరి.

"రేపు సరిచేస్తావుగా?"

"క్రిస్పిన్ చెబితే వెంటనే చేస్తానండి. ఆయన చెప్పకుండా గుర్తు జరపకూడదు."

క్రిస్పిన్ చెప్పలేదు. మర్నాడు ఉదయం పత్రికలు వచ్చేశాయి. అన్నీ ముగింపును ఆకాశానికెత్తాయి. ఉత్తరాది మొండితనానికి పట్టిన హారతి అని ఒకటి, మౌనంతో ముగించే ధైర్యం ఎంతమందికుంటుంది అని ఇంకొకటి. గేనర్ థియేటరు క్యాంటీన్లో క్రిస్పిన్‌ను పట్టుకుంది. అతను చేతులు గుండెల మీద పెట్టుకున్నాడు.

"పొరపాటే గేనర్, ఒప్పుకుంటాను. కానీ ఎంత అందమైన పొరపాటు!"

"అర్థమే తిరగబడిపోయింది క్రిస్పిన్. నేను రాసిన మనిషి వెళ్ళిపోతుంది. నువ్వు చూపించిన మనిషి ఉండిపోతుంది."

"నేను చూపించలేదు. చీకటి చూపించింది. నాటకం మీ చెయ్యి దాటి ఎదిగింది. ఇంతకన్నా రచయితకు ఏం కావాలి?"

"నేను రాసిన మాట కావాలి. ఒక్కటే మాట. పెద్దదేం కాదు కూడా."

"శనివారం లండన్ థియేటర్ల నుంచి ఇద్దరు వస్తున్నారు. పేపర్లు చదివే వస్తున్నారు" అన్నాడు క్రిస్పిన్, టీలో చెంచా తిప్పుతూ. "ఈ వారం మాత్రం ఏమీ కదపొద్దు, ప్లీజ్."

లండన్‌లోని ఏజెంటు ఫెనెల్లాకు ఫోన్ చేస్తే ఆమె గొంతులో పండగ వినిపించింది. రచయిత ఒప్పుకోకుండా ఒక్క మాట తీయకూడదని ఒప్పందంలో ఉందిగా అని గేనర్ అడిగింది. "ఉంది డియర్, ఉంది. కానీ మీ మాట ఎవరూ తీయలేదే, లైట్లు కాస్త ముందు ఆరాయంతే" అంది ఫెనెల్లా. "ఇన్నేళ్ళకు మీ నాటకానికి జనం లేచి నిలబడ్డారు. వెళ్ళి కూర్చోమని చెబుతారా ఇప్పుడు?"

గేనర్ ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడింది. ట్రెవర్ బీన్స్ వేడిచేస్తున్నాడు.

"జనం లేచారుగా" అన్నాడు మెల్లగా.

"మా అమ్మ కోసం కూడా లేచారు. బస్సులో సీటిచ్చి మరీ పొగిడారు. నీ బస్సులోనే."

ట్రెవర్ గరిటె పక్కన పెట్టాడు.

ఇక మిగిలింది థెల్మా. రెండో ఆటకు ముందు గేనర్ ఆమె మేకప్ గదికి వెళ్ళింది. థెల్మా పాదాలు వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకుని, అద్దంలో కనుబొమ్మలు దిద్దుకుంటోంది.

"ఏంటి పిల్లా, ముఖం అలా మాడ్చుకున్నావు? అంత మంచి పేరొస్తే."

"మీరు ఆ మాట చీకట్లో అయినా ఎందుకు అనలేదు థెల్మా?"

"చీకట్లోనా? నేనేమన్నా గుడ్లగూబనా? దీపాలారాయంటే సీను అయిపోయినట్టు. నాకు నేర్పినవాళ్ళు అదే నేర్పారు."

"ఇవాళ దీపాలు ఉంచితే అంటారా?"

థెల్మా పెన్సిల్ దించింది. అద్దంలోంచే గేనర్‌ను చూసింది. ఆ చూపు గేనర్‌కు తెలుసు, యంత్రాల ముందు కూర్చున్న ఆడవాళ్ళు మాట రాకముందు అలాగే చూసేవారు.

"నేను సగం ఇంగ్లండు తిరిగి ఆడాను పిల్లా. రాణీ వేశాను, పనిమనిషీ వేశాను, ఒకసారి గుర్రం వెనక కాళ్ళు కూడా వేశాను. ఒక్కరోజు కూడా జనం నా కోసం లేవలేదు. నిన్న లేచారు. గడ్డం పైకెత్తి నిలబడితే లేచారు. కోటడిగితే లేవరు. కోటడిగితే వాళ్ళూ కుర్చీ కింద వాళ్ళ కోట్లు వెతుక్కుంటారు."

"వెతుక్కోనివ్వండి. నాకు కావలసింది అదే."

"నీకేం, నువ్వు వెనక తలుపు పక్కన కూర్చుంటావు. ముందు నిలబడేది నేను." థెల్మా నీళ్ళలో కాళ్ళు కదిపింది. "అయినా మీ అమ్మ అంత ధైర్యంగా నిలబడితే, నువ్వు ఆమెను ఎందుకు పారిపోయేలా రాశావు?"

"ధైర్యం కాదది. అందరూ ధైర్యం ధైర్యం అంటే ఆమె ఇరుక్కుపోయింది. ఆ ఆదివారం నేను అడిగినప్పుడు ఆమె చూపు తలుపు వైపు పోయింది థెల్మా. నేను చూశాను. రావాలనే ఉంది. ఫొటో పడ్డాక ఎలా వస్తుంది? నిన్న నా పక్కన ఒకాయన, ప్రాణం పోయినా కదలరు మన ఆడవాళ్ళు అని మురిసిపోయాడు. నా నాటకం చూసి ఇంకో ముసలావిడ ఇంకో తడి ఇంట్లో కూర్చుంటే? నేను అందుకు రాశానా?"

థెల్మా టబ్బులోంచి కాళ్ళు తీసింది. తువ్వాలు తీసి ఒక్కో పాదం తుడుచుకుంది.

"పలకనని నేనెప్పుడూ అనలేదు" అంది చివరికి, కసురుతున్నట్టు. "చీకట్లో పలకనన్నాను, అంతే. వెలుగు పెట్టించుకో, పలుకుతాను. నాకు ఇష్టం లేకుండా పలుకుతాను, అదీ చెబుతున్నాను."

గేనర్ మళ్ళీ క్రిస్పిన్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు. ఒప్పందం సంగతి చెప్పి, మాట పెట్టకపోతే నాటకం ఆపించేస్తానంది. జన్మలో ఎవరినీ అలా బెదిరించలేదు. క్రిస్పిన్ చేతులు మొదటిసారి గుండెల మీద నుంచి దిగాయి. కాసేపు బేరం నడిచింది. గురువారం మధ్యాహ్నం ఆట ఒకటుంది, వచ్చేది ఎక్కువగా పింఛనువాళ్ళే. ఆ ఒక్క ఆటకు మాట పెడతారు. బాగా వస్తే ఉంచుతారు. జనం చల్లబడిపోతే గేనర్ మారు మాట్లాడకుండా చీకటి ముగింపుకు ఒప్పుకోవాలి.

"బాగా రావడమంటే?" అంది గేనర్.

"లేస్తారో లేదో చూద్దాం" అన్నాడు క్రిస్పిన్.

మొదటినుంచీ ఓడిపోయే పందెమని ఆమెకు తెలుసు. పింఛనువాళ్ళు మధ్యాహ్నం ఆటకు లేవరు, మోకాళ్ళు ఒప్పవు. అయినా సరేనంది. ఒక్కసారైనా ఆ మాట వినాలి.

గురువారం వాన. హాలంతా తడి ఉన్ని వాసన, దగ్గు బిళ్ళల కాగితాల గలగల. విరామంలో అందరూ చిన్న డబ్బాల్లో ఐస్‌క్రీమ్ తిన్నారు. గేనర్‌కు ముందు వరుసలో ఒక ముసలి జంట. ఆయనకు వినికిడి తక్కువ, ఆమె ప్రతిదీ రెండోసారి చెబుతోంది. క్రిస్పిన్ పక్క గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆఖరి ఘట్టం వచ్చింది. జోసీ వానలోంచి వచ్చినట్టు కోటు బొత్తాలు పెట్టుకునే ఉంది. "అయితే నువ్వు రావన్నమాట" అంది.

దీపాలు ఆరలేదు.

థెల్మా గడ్డం పైకెత్తింది. అలవాటు ప్రకారం అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ఇక పలకదేమోనని గేనర్ కుర్చీ అంచుకు జరిగింది. అప్పుడు ఆ గడ్డం మెల్లగా కిందికి దిగింది. గేనర్ అలా రాయలేదు, ఎవరూ చెప్పలేదు. థెల్మా భుజాలు జారాయి, ముఖంలోంచి రాణీ, మొండితనం అన్నీ పోయి, అలిసిపోయిన ఒక ముసలావిడ మిగిలింది.

"నా కోటు ఇలా అందుకో" అంది.

హాల్లో ఎవరూ దగ్గలేదు.

జోసీ తలుపు పక్కన కొక్కెం వైపు తిరిగింది. కొక్కేనికి గొడుగు ఉంది, ఏప్రన్ ఉంది. కోటు లేదు.

ఏం జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైంది గేనర్‌కు. కొక్కేనికి కోటు వేలాడితే వెనక గోడ మీద వరద గీత కనబడటం లేదని, దీపాలు సర్దుకునే రోజు ఎవరో దాన్ని తీసి పక్కన పెట్టి ఉంటారు. ఎవరూ ఎప్పుడూ అడగని కోటు. టిడ్లీ పమ్‌కు కోటు అక్కర్లేదు. మాటను అయితే తిరిగి తెచ్చారు, కోటును తేవాలని ఒక్కరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

జోసీ గోడ వైపు తిరిగి అలాగే నిలబడిపోయింది. ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది, ఏం చేయాలో తెలియడం లేదని. తర్వాత ఇటు తిరిగింది. తన కోటు బొత్తాలు ఒక్కొక్కటీ విప్పింది. ఒక బొత్తాం పట్టు చిక్కలేదు. కోటు తీసి థెల్మా భుజాల మీద కప్పింది. లోపల జోసీ వేసుకున్నది సన్నటి జాకెట్టు. థెల్మా ఆ కోటు చేతుల్లోకి చేతులు దూర్చడానికి ఒక్క నిమిషం వెతుక్కుంది. పట్టింపుల థెల్మా, ఎన్నడూ లేనిది, స్టేజి మీద ఉత్తినే ముసలిదై, ఎదుటి మనిషి సాయంతో కోటు తొడుక్కుంది.

అప్పుడు ఆరాయి దీపాలు.

చప్పట్లు వచ్చాయి, ఓ మోస్తరుగా. ఎవరూ లేవలేదు. ముందు వరుసలో ముసలాయన పెద్ద గొంతుతో, "వెళ్ళిపోతోందా ఏంటి?" అన్నాడు.

"వెళ్ళిపోతోంది" అంది భార్య.

"అంత గొడవ చేసి?"

"నేనైతే విరామంలోనే వెళ్ళిపోయేదాన్ని."

"నువ్వా? మనింట్లో నీళ్ళొచ్చినప్పుడు మూడు రోజులు మేడ మీద కూర్చున్నావు!"

"నువ్వు రమ్మంటే కదా? నువ్వు ఒక్కసారి రమ్మన్నావా?"

ఆయన వినికిడి మిషన్ సర్దుకున్నాడు. ఆమె మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి గట్టిగా అడిగింది. వెనకవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇంకో వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు, ఆ చెల్లెలిదే తప్పని ఒకరు, కాదని ఒకరు, గొడుగులు పట్టుకుని నిలబడి వాదించుకుంటున్నారు. హాలు ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. తలుపుల దగ్గర పనివాళ్ళు గడియారాలు చూసుకున్నారు.

క్రిస్పిన్ వచ్చాడు. "చూశారుగా గేనర్. ఒక్కరు కూడా లేవలేదు."

"చూశాను. ఒక్కరు కూడా ఇంటికి పోలేదు."

"పందెం అది కాదు."

"నీ పందెం తప్పు. నేను ఒప్పుకోను. ఏం చేస్తావో చేసుకో."

అతను ఏదో అనబోయి, అలవాటుగా చేతులు పైకెత్తి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. శనివారం లండన్‌వాళ్ళు ఏమంటారోనని గొణిగాడు. ఏమంటారో గేనర్‌కు తెలుసు. ఎంతో ప్రేమించామంటారు.

లోపల మేకప్ గదిలో జోసీ ఏడుపు ముఖంతో నిలబడి ఉంది. "క్షమించండి గేనర్. కొక్కేనికి కోటు లేదు. మీ ముగింపు పాడుచేశాను."

"నాకు చలేస్తోంది, ముందు తలుపెయ్యండి" అంది థెల్మా, ఇంకా జోసీ కోటులోనే. "ఎవరూ లేవలేదు. చెప్పానా లేదా? తీరిందా నీ కోటు గోల?"

గేనర్ ఆ కోటు వైపు చూసింది. జోసీ చేసింది తాను రాసినదానికన్నా బాగుంది. కొక్కేనికి వేలాడే కోటు ఎవరైనా అందిస్తారు. ఒంటి మీది కోటు విప్పి ఇచ్చి, వానలోకి జాకెట్టుతో నడిచే చెల్లెలు వేరు. ఆ ఆదివారం తాను తల్లిని రమ్మని అడిగింది గానీ, తన ఒంటి మీద కోటు బొత్తాం ఒక్కటి కూడా విప్పలేదు. ఈ సంగతి ఇన్ని సంవత్సరాలు, ఇన్ని కాగితాలు రాసినా తనకు తెలియలేదు. మొత్తానికి మళ్ళీ ఎవరో వచ్చి ముగింపు మార్చేశారు. ఈసారి తిట్టడానికి కూడా వీల్లేదు.

గుమ్మంలో బెత్ నిలబడి ఉంది. "రేపటికి కోటు తెచ్చి కొక్కేనికి పెట్టేస్తానండి. పాత బట్టల షాపులో చూస్తాను."

"వద్దు" అంది గేనర్. "రాసుకో. కోటు జోసీది. బొత్తాలు ఒక్కొక్కటీ విప్పాలి, తొందరపడకూడదు. తొడిగేదాకా దీపాలు ఉండాలి."

"అంటే ముగింపు మారుస్తున్నారన్నమాట" అన్నాడు వెనకనుంచి క్రిస్పిన్. అతని గొంతులో కాస్త ఆశ వినబడింది.

"నా నాటకం. నేను మారుస్తాను."

ఆ మాట అన్నాక కూడా ఆమెకు కోపం తగ్గలేదు. థెల్మా వీడ్కోలు చెప్పకుండా వేణ్ణీళ్ళ టబ్బు కోసం అరుస్తోంది. గేనర్ బయటికి వచ్చి, వానలో బస్సు కోసం నిలబడింది. ఆ బొత్తాల సంగతి తనకే ఎందుకు తట్టలేదని, బస్సు వచ్చి ఎక్కేదాకా, ఎక్కి కూర్చున్నాక కూడా, తన్ను తానే తిట్టుకుంటూ ఉంది.